మూత లేని కంప్యూటర్

ఇళ్ల సామాను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చే పనిలో ఇరవై రెండేళ్లు గడిపిన మనిషికి లోకంలో బరువు తప్ప ఇంకేమీ కనపడదు. అతనికీ అంతే. ఏ వస్తువు కంటబడినా ముందు ఒంటిచేత్తో ఎత్తి, కళ్లు మూసుకుని, ఇన్ని కిలోలని చెప్పేస్తాడు. అతను చెప్పినదానికీ తూకానికీ తేడా వంద గ్రాములు దాటదు. అందుకే తోటివాళ్లు అతనికి కాటా అని పేరు పెట్టారు. కూతురు పుట్టిన రోజు నర్సు చేతిలోంచి బిడ్డని అందుకుని, ముద్దు పెట్టుకోవడానికి ముందే "రెండు కిలోల తొమ్మిది వందలు" అన్న తండ్రి అతను. నర్సు తూచి చూస్తే యాభై గ్రాములు తక్కువ వచ్చింది. ఆ ఆసుపత్రి తూకం యంత్రం పాడైపోయిందని ఇప్పటికీ వాదిస్తాడు.

అలాంటి కాటా ఆ సెలవు రోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్యనీ కూతుర్నీ వెంటబెట్టుకుని కంప్యూటర్ల దుకాణానికి బయల్దేరాడు. అతని భార్యకి కాలేజీలో సీటు వచ్చింది. కూతురికి కాదు, భార్యకే. ముప్పై తొమ్మిదేళ్ల వయసులో, ఇళ్ల ప్లాన్లు గీసే మూడేళ్ల చదువులో, పరీక్ష రాసిన రెండు వందల పదిమందిలో నాలుగో స్థానం.

ఇంక కాటాకి పట్టపగ్గాల్లేవు. టీకొట్టులో చెప్పాడు. టైర్ల దుకాణంలో చెప్పాడు. ఒక ఇంటి ఫ్రిజ్జు మోస్తూ మెట్ల మలుపులో ఇరుక్కుపోయి, అటు పోలేక ఇటు రాలేక ఉన్నప్పుడు, పైనుంచి తొంగి చూస్తున్న ఇంటాయనకి కూడా చెప్పాడు. ఆయన సంతోషమే గానీ ముందు ఫ్రిజ్జు సంగతి చూడమన్నాడు.

నిజానికి ఆ సీటు ఊరికే రాలేదు. భర్త సామాను మోస్తాడు గానీ ఏది ఎక్కడ పెట్టాలో చెప్పేది ఆమే. ఇల్లు మారేవాళ్లు పిలవగానే ముందు ఆమె వెళ్లి కొత్త ఇంటిని కొలుస్తుంది. ఒక కాగితం మీద గదులు గీసి, బీరువా ఇక్కడ, మంచం ఇక్కడ అని గుర్తులు పెడుతుంది. తర్వాత ఆ ఇంట్లో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడుగుతుంది. మీకంటూ ఏది ఉండాలి? ముసలావిడ తన కుర్చీ అంటుంది, పిల్లాడు తన పుస్తకాల అర అంటాడు. ఒక్కో మనిషికీ ఒక్కో రంగు. ఎవరి చోట్లో వాళ్ల రంగు పెన్సిలుతో చుక్క. ఆఖర్న చుక్కలు లెక్కపెట్టి, ఒక్క రంగు తప్పినా ప్లాను మళ్లీ మొదట్నుంచీ గీస్తుంది. కొత్త ఇంట్లో చోటు దొరకని మనిషి ఏడాది తిరక్కుండా ఇంటిమీద అలుగుతాడని ఆమె నమ్మకం. ఆ కాగితాన్ని తలుపుకి అంటించాక పనివాళ్లెవరూ ఎందుకని అడగకూడదు. వదిన గీత గీసిందంటే వస్తువు అక్కడికే వెళ్లాలి. కాటా పెట్టిన నియమం అది, అతను కూడా ఎన్నడూ దాటలేదు.

ఒకసారి అలా తలుపుకి అంటించిన కాగితాన్ని ఆ ఇంటావిడ చాలాసేపు చూసింది. ఆవిడ భవనాల ఇంజనీరు. "ఇది ఏ ఆఫీసు వాళ్లు గీశారు?" అని అడిగింది. "మా ఆఫీసే, మేడమ్. మా ఆవిడ" అన్నాడు కాటా, నెత్తిన పరుపుతో. పెద్దవాళ్లని కూడా చేర్చుకునే కాలేజీ ఒకటుందని చెప్పి, దరఖాస్తు నింపి పంపే దాకా ఆవిడ వదల్లేదు.

ఇంత సంతోషంలోనూ కాటాకి లోపల ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ఆరేళ్ల కిందట ఆమె ఇంటి దగ్గరే ఉండి చదివే డిగ్రీలో చేరింది. నాలుగు నెలలు చదివి మానేసింది. ఎందుకు మానేశావని అతను అడగలేదు. పుస్తకాలు బరువైపోయాయి కాబోలనుకున్నాడు. అవి తొమ్మిది కిలోల రెండు వందలు, అతనే మోసుకొచ్చాడు మరి. ఈసారి మధ్యలో మానేస్తే ఇంక చచ్చినా ఆ ఊసెత్తదని అతనికి తెలుసు. అందుకే చదువుకి కావాల్సింది ఏదైనా సరే పుల్లలా తేలిగ్గా ఉండాలని తీర్మానించుకున్నాడు. బొమ్మలు గీయడానికి మంచి కంప్యూటర్ కావాలని కాలేజీ వాళ్లు రాశారు. డెస్క్‌టాపైనా పర్లేదు, ల్యాప్‌టాపైనా పర్లేదు, తరగతి గదుల్లో మా కంప్యూటర్లు మాకున్నాయి అని కూడా రాశారు. ఆ ఆఖరి ముక్కని కాటా చదవలేదు. ల్యాప్‌టాప్ అన్న మాట దగ్గరే ఆగిపోయాడు.

దుకాణంలో బల్లల మీద కంప్యూటర్లు వరసగా తెరిచి పెట్టి ఉన్నాయి. నీలం చొక్కా వేసుకున్న అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చింది. "ఏం చదువుతున్నావమ్మా?" అని కాటా కూతుర్ని అడిగింది.

"నేను పన్నెండో తరగతి. కాలేజీకి వెళ్లేది మా అమ్మ" అంది కూతురు.

కాటా గొంతు సవరించుకున్నాడు. "రెండు వందల పదిమందిలో నాలుగో స్థానం" అన్నాడు, అడక్కపోయినా. పక్కన ఇయర్‌ఫోన్లు చూస్తున్న ఆయన కూడా తలెత్తి చూశాడు. భార్య అతని చొక్కా చేతిని పట్టుకుని కొంచెం లాగింది. పది మందిలో ఇంక చాలని దానర్థం. పంతొమ్మిదేళ్లుగా ఆమె లాగుతూనే ఉంది, అతను మానలేదు.

తర్వాత అతను తన విద్య బయటికి తీశాడు. మొదటి ల్యాప్‌టాప్‌ని మూసి, అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. "కిలో ఏడు వందలు. మోయలేం." రెండోది. "కిలో నాలుగు వందల యాభై. పర్లేదు." మూడోది ఎత్తగానే అతని మొహం విప్పారింది. "కిలో రెండు వందల కంటే ఒక్క గ్రాము ఎక్కువ ఉండదు. ఇదీ సరుకంటే!"

నీలం చొక్కా అమ్మాయి డబ్బా మీద అచ్చేసిన బరువు చూసి నోరెళ్లబెట్టింది. కిలో నూట తొంభై. ఇంకో ఇద్దరు అమ్మకందార్లు కూడా వచ్చి చుట్టూ చేరారు. మానిటర్ బరువు చెప్పమన్నారు, ప్రింటర్ బరువు చెప్పమన్నారు. కాటా గాల్లో తేలిపోయాడు. ఒక డెస్క్‌టాప్ పెట్టెని ఒంటిచేత్తో ఎత్తి, "పదకొండు కిలోలు, దీనికి మళ్లీ మానిటరు ఏడు, తీగలూ అవీ రెండు. ఇది సామాను కాదమ్మా, శిక్ష" అన్నాడు. అందరూ నవ్వారు.

అతని భార్య నవ్వలేదు. ఆమె అప్పటికే ఆ శిక్ష ముందు నిలబడి ఉంది. ఇరవై ఏడు అంగుళాల తెర. ఎవరో అమ్మకందారు దాని మీద ఒక ఇంటి ప్లాను తెరిచి పెట్టాడు. ఆమె మౌస్ పట్టుకుని, గోడల వెంబడి నెమ్మదిగా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తోంది.

"ఇటు రా, ఇది పట్టుకుని చూడు" అని పిలిచాడు కాటా. "అట్టముక్కలా ఉంది. సంచిలో వేసుకుంటే ఉన్నట్టే తెలీదు. ఎక్కడైనా కూర్చుని చదువుకోవచ్చు."

"నేను కూడా వాడుకోవచ్చు" అంది కూతురు హుషారుగా. "అమ్మ వంట చేస్తున్నప్పుడు నాకు ఖాళీయే కదా."

"నాకూ పనికొస్తుంది. బేరాలు వచ్చినప్పుడు పట్టుకెళ్లి చూపించొచ్చు" అన్నాడు కాటా. "ముగ్గురికీ ఒకటే. ఏమంటావ్?"

ఆమె ల్యాప్‌టాప్‌ని చేతిలోకి తీసుకుంది. తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచి, మళ్లీ మూసింది.

"మీ ఇష్టం" అంది.

ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషికి ఆ మాట ఎలా ఉందో పట్టించుకోవాలనిపించాలి కదా. కాటాకి అనిపించలేదు. ఆమె ఒప్పుకుందనే అనుకున్నాడు. బిల్లు రాయమని నీలం చొక్కా అమ్మాయికి చెప్పి, సంచి ఏ రంగుదైతే బావుంటుందో చూడడం మొదలుపెట్టాడు.

"ఒక కాగితం ఇస్తారా?" అని భార్య ఆ అమ్మాయిని అడగడం అతనికి వినబడింది.

ఆమె చేతిసంచిలో రంగు పెన్సిళ్లు ఎప్పుడూ ఉంటాయి. కౌంటర్ పక్కన నిలబడే గీసింది. రెండు గదులు, వంటగది, కిటికీ, మెట్లు. పైన మూలలో 'ముగ్గురు' అని రాసింది. ఇంటి ప్లాను గీసినప్పుడల్లా అందులో ఎంతమంది ఉంటారో రాయడం ఆమె అలవాటు. తర్వాత చుక్కలు పెట్టింది. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఇది చూడండి" అని అతనికి అందించింది.

"ఇప్పుడా? కొత్త బేరమా?" అంటూనే అతను కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఆమె ప్లాను చేతికిస్తే చదవకుండా ఉండలేడు. ఇలాంటివి కొన్ని వందలు చదివాడు. వేలు పెట్టి చూపిస్తూ, పనివాళ్లకి చెప్పినట్టే బయటికి చదివాడు. "చిన్న ఇల్లు. నీలం చుక్కది కిటికీ పక్కన కుర్చీ, టీవీ ముందు చోటు, తలుపు దగ్గర పనిముట్ల పెట్టె. ఆకుపచ్చకి ఈ గోడంతా. మంచం, అర, ఒళ్లో పెట్టుకుని రాసుకునే చెక్క. బావుంది. వంటగది..." వేలు ఆగింది. కాగితాన్ని దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరంగా పెట్టి చూశాడు. "ముగ్గురని రాశావు. రంగులు రెండే ఉన్నాయి. ఒక మనిషిని మర్చిపోయావు."

"మర్చిపోలేదు" అంది ఆమె.

కాటా మళ్లీ చూశాడు. కిటికీ. కిటికీ పక్కన కుర్చీ. ఆ కుర్చీ వెనక పక్క గదిలోకి తెరుచుకునే తలుపు. ఏ ఇల్లయినా పైనుంచి గీస్తే కొత్తగానే ఉంటుంది గానీ, ఎంతసేపని గుర్తుపట్టకుండా ఉంటాడు? రోజూ సాయంత్రం ఆ కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చునేది తనే.

ఇక్కడ ఆ ఇంటి గురించి ఒక్క మాట చెప్పాలి. ఇళ్ల సామాను మార్చే మనిషి కాబట్టి కాటా తన ఇంటిని ఎప్పుడు కావాలంటే అప్పుడు ఖాళీ చేసేలా ఉంచుకున్నాడు. మడత మంచాలు, మడత కుర్చీలు, గోడకి వాల్చే మడత బల్ల. గోడకి ఒక్క మేకు లేదు. మొత్తం సామాను నలభై నిమిషాల్లో దింపెయ్యగలనని అందరికీ గొప్పగా చెప్పుకుంటాడు. అందులో అబద్ధం లేదు. కాకపోతే ఆ ఇంట్లోంచి వాళ్లు ఏడేళ్లుగా ఎక్కడికీ కదల్లేదు. కదిలే ఆలోచన కూడా లేదు. అయినా పొద్దున లేవగానే ఇల్లంతా మడుచుకుంటుంది.

"పోయినసారి ఎక్కడ చదివానో తెలుసా మీకు?" అంది భార్య. గొంతు పెంచలేదు. కోపంగా కూడా లేదు. "పొద్దున మంచం మడిచాక ఆ చోట్లో చాప వేసుకునేదాన్ని. టిఫిన్ల వేళకి అక్కడ బల్ల వాల్చాలి, లేచేదాన్ని. వంటగది గట్టు మీద పెట్టుకుంటే కూరలు తరగాలి, మళ్లీ లేచేదాన్ని. మీవాళ్లు వస్తే మెట్ల మీద కూర్చునేదాన్ని. లేచినప్పుడల్లా పుస్తకం మూశాను. ఒకరోజు మూశాక ఇంక తెరవబుద్ధి కాలేదు."

కాటా తొమ్మిది కిలోల రెండు వందలు అనుకున్నాడు ఇన్నాళ్లూ.

"ఎక్కడైనా చదువుకోవచ్చు అంటున్నారు. ఎక్కడైనా చదివాను కదా, చూశాం" అంది ఆమె. కౌంటర్ మీద ఉన్న ల్యాప్‌టాప్‌ని వేలితో మెల్లగా తోసింది. "ఇది మంచిదే. కానీ అన్నానికి పిలిస్తే మూసెయ్యొచ్చు. చుట్టాలొస్తే తీసి బీరువాలో పెట్టెయ్యొచ్చు. ఇది కూడా మూతపడేదే. నాకు మూత లేనిది కావాలి."

నీలం చొక్కా అమ్మాయి బిల్లు రాయడం ఆపి చాలాసేపైంది. కూతురు నేల చూస్తోంది. 'అమ్మ వంట చేస్తున్నప్పుడు' అన్నది గుర్తొచ్చినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి.

కాటా కాగితం కేసి చూస్తూ నిలబడ్డాడు. ఎన్నో ఇళ్ల గుమ్మాల్లో, ఆమె చుక్కలు లెక్కపెట్టడం చూసి, "మా ఆవిడ పనితనం చూశారా, ఏ మనిషినీ వదలదు" అని మీసం తిప్పాడు. అలా తిప్పి ఇంటికొచ్చి కిటికీ పక్కన కాళ్లు చాపుకున్నాడు. సిగ్గేసింది. అంత సిగ్గులోనూ ఇంకో సంగతి అతని మనసుని పట్టుకుని వదలడం లేదు. ఎంత బాగా గీసింది! దెబ్బలాడలేదు, సాధించలేదు, ఏడవలేదు. కాగితం మీద పెట్టి చూపించి, తప్పుని అతని నోటితోనే చెప్పించింది. రెండు వందల పదిమందిలో నాలుగో స్థానం అట! ఆ ముందున్న ముగ్గురూ ఎవరో అతనికి చూడాలనిపించింది.

"ఎక్కడ పెట్టాలో గీసెయ్" అని కాగితం వెనక్కిచ్చాడు.

ఆమె ఎరుపు పెన్సిలు తీసింది. కిటికీ పక్కన, నీలం చుక్క ఉన్న చోటే, ఒక బల్ల గీసి ఎర్ర చుక్క పెట్టింది. వెలుతురు ఎడమ నుంచి పడుతుంది, ప్లగ్గు అక్కడే ఉంది. ఎవరు చూసినా సరైన చోటు అదే.

"అక్కడ నా కుర్చీ..." అని కాటా నీళ్లు నమిలాడు.

"అది మడత కుర్చీయే కదండీ" అంది భార్య.

ఇయర్‌ఫోన్ల ఆయన ఫక్కున నవ్వాడు. కాటా అతని వైపు గుర్రుగా చూశాడు గానీ తనకీ నవ్వు ఆగలేదు. గీత గీశాక మాట లేదు. నియమం నియమమే.

"అమ్మా, ఆ బిల్లు చింపెయ్" అన్నాడు నీలం చొక్కా అమ్మాయితో. "ఆ పెద్ద తెరది తియ్యి. మీ దగ్గర అన్నిటికంటే బరువైనది ఏదో అదే ఇవ్వు."

"బరువుని బట్టి కాదు నాన్నా కొనేది" అంది కూతురు.

"నువ్వుండు. దాన్ని ఎవడూ కదపకూడదు."

ఇంటికి పంపించే ఏర్పాటు తమ దుకాణంలో ఉందని ఆ అమ్మాయి చెప్పబోయింది. కాటా మొహం చూసి మధ్యలోనే ఆపేసింది. ఇరవై కిలోల సామాను ఇంటికి చేర్చడానికి వేరే మనుషులా! తన బండిలో ముందు సీటు ఖాళీ చేసి, మానిటర్‌ని అక్కడ కూర్చోబెట్టి, బెల్టు పెట్టాడు. తల్లీ కూతుళ్లు వెనక పరుపుల మధ్య కూర్చున్నారు.

దారిలో పాత చెక్క సామాను అమ్మే దుకాణం దగ్గర ఆగాడు. నాలుగు కాళ్లూ గట్టిగా ఉన్న టేకు బల్ల ఒకటి భార్య ఎంచింది. అతను ఒక చివర ఎత్తి చూసి, ఈసారి కిలోలు చెప్పకుండా తల ఊపాడు. తనతో పనిచేసే ఇద్దర్నీ పిలిపించాడు. ముగ్గురూ కలిసి దాన్ని రెండో అంతస్తుకి ఎక్కించేసరికి చెమటలు కారిపోయాయి. వాళ్లలో ఒకడు మెట్ల మలుపులో ఊపిరి తీసుకుంటూ, "అన్నా, ఇది మడవదా?" అని అడిగాడు.

"మడవదు" అన్నాడు కాటా. అతను ఏ వస్తువు గురించీ అంత గొప్పగా చెప్పి ఉండడు.

"రేపు ఇల్లు మారితే?"

"మారం."

పనివాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇళ్లు మార్చడమే బతుకైన మనిషి నోట ఆ మాట వినడం వాళ్లకి అదే మొదలు.

ఆ సాయంత్రం కాటా గోడకి రంధ్రాలు వేశాడు. పంతొమ్మిదేళ్ల కాపురంలో తన ఇంటి గోడకి వేసిన మొదటి రంధ్రాలు. పుస్తకాలకి ఒక అర, కాగితాలు చుట్టి పెట్టుకోవడానికి ఒక పొడవాటి గొట్టం, దీపానికి ఒక కొక్కెం. తీగలన్నీ బల్ల కాళ్ల వెంబడి కట్టాడు. కూతురు కంప్యూటర్‌ని కలిపి, తెర వెలిగించి, "అమ్మా, పాస్‌వర్డ్ నువ్వే పెట్టుకో. నాకు చెప్పకు" అని పక్కకి తిరిగి నిలబడింది. అది ఆ పిల్ల క్షమాపణ. తల్లికి అర్థమైంది, పిల్ల జుట్టు చెరిపింది.

తరగతులు మొదలైన మూడో వారంలో మొదటి బొమ్మ ఇవ్వాల్సి వచ్చింది. ఒక చిన్న బడికి ప్లాను. ఆమె నాలుగు సాయంత్రాలుగా దాని మీదే ఉంది. వంట కూతురూ కాటా వంతులేసుకున్నారు. కూరలో ఒకరోజు ఉప్పు లేదు, ఒకరోజు ఉప్పు తప్ప ఇంకేం లేదు. అయినా ఆమె వచ్చి సరిచెయ్యలేదు. అన్నానికి పిలిస్తే లేచి వచ్చేది, తిని మళ్లీ అదే కుర్చీలోకి వెళ్లేది. వెళ్లేసరికి తెర మీద ఎక్కడ వదిలిన గీత అక్కడే ఉండేది. పోయినసారి నాలుగు నెలల్లో చదివినదానికంటే ఈ మూడు వారాల్లో ఎక్కువ చదివానని ఆమె ఒకసారి అంది. ఆ మాట కాటా టీకొట్టులో కనీసం ఆరుగురికి చెప్పాడు.

నాలుగో సాయంత్రం అతను పని నుంచి వచ్చాడు. మర్నాడు వెళ్లాల్సిన ఇంటి తాళంచెవులు బల్ల మీది అరలో ఉన్నాయి. చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, వాటి కోసం గది గుమ్మం దాకా వచ్చి ఆగాడు. ఆమె వీపు ఇటు ఉంది. జుట్టు పైకి ముడేసి అందులో పెన్సిలు దోపుకుంది. తెర మీద తెల్లటి గీతలు ఒక్కొక్కటే గదులవుతున్నాయి. మెడ ఒక పక్కకి వంచి, ఏదో కొలత దగ్గర ఆగి, తనలో తనే లెక్క వేసుకుంటోంది. ఆమె అలా కూర్చోవడం అతను ఎప్పుడూ చూడలేదు. చూసే వీలు ఎప్పుడూ కల్పించలేదు.

గుమ్మం దాటి లోపల అడుగు పెట్టబోయి, కాలు వెనక్కి తీసుకున్నాడు.

"రావచ్చా?" అని అడిగాడు.

తన ఇంట్లో తన భార్యని ఆ మాట అడగడం అతనికి అదే మొదటిసారి. ఆమె వెనక్కి తిరగలేదు, లేవలేదు, ఏం కావాలని కంగారుగా అడగలేదు.

"రెండు నిమిషాలు ఆగండి" అంది.

కాటా ఆగాడు. అంతలో కూతురు నీళ్ల గ్లాసుతో వచ్చి లోపలికి వెళ్లబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మ పనిలో ఉంది, రెండు నిమిషాలు ఆగమంది" అని గుసగుసగా చెప్పాడు. చెప్తుంటే అతని ఛాతీ పొంగింది. తండ్రీ కూతుళ్లిద్దరూ గుమ్మం బయట పక్కపక్కన నిలబడ్డారు. రెండు నిమిషాలు పావుగంట అయింది. ఇంతకాలం ఎవరి గుమ్మం ముందు నిలబడాల్సి వచ్చినా విసుక్కునే కాటాకి ఆ పావుగంటా కాళ్లు నొప్పి పుట్టలేదు.